పి2646 కోడ్: రాకర్ ఆర్మ్ సోలినాయిడ్ మార్చమంటున్నారు, నిజంగా పోయిందా?

భీమవరం_బండి · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. నాది 1.5 లీటర్ పెట్రోల్ సెడాన్, వీటెక్ ఇంజిన్, 2011 మోడల్. 1,18,000 కిలోమీటర్లు తిరిగింది.

పోయిన వారం హైదరాబాద్ వెళ్తూ, సూర్యాపేట దాటాక ఒక లారీని ఓవర్‌టేక్ చేద్దామని థర్డ్ గేర్‌లోకి దించి తొక్కాను. బండి ఊపందుకుని, సగంలో ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగిపోయింది. ఆర్‌పీఎం ముల్లు మూడు వేలు దాటి ఇంకాస్త పైకి పోయి అక్కడే కొట్టుకుంటోంది. చెక్ ఇంజిన్ లైట్ పడింది. వెనకాల బస్సువాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. ఎలాగో ఎడమ లేన్‌లోకి వచ్చేశాను కానీ చేతులు వణికాయి. మెల్లగా పోతే మాత్రం బండిలో తేడా ఏమీ లేదు.

వర్క్‌షాప్‌లో స్కానర్ పెడితే పి2646 వచ్చింది. "రాకర్ ఆర్మ్ సోలినాయిడ్ పోయింది, సెట్ మొత్తం మార్చాలి, 14,000 అవుతుంది" అన్నారు. రాకర్ ఆర్మ్ అంటే ఇంజిన్ లోపలుండే ఇనప ముక్క అని తెలుసు. దానికి కరెంటుతో పనేంటి? ఏం మారుస్తున్నారో తెలియకుండా డబ్బులివ్వాలంటే మనసొప్పడం లేదు.

పికప్_పిచ్చోడు · ఆదివారం రాత్రి 9:58

సేమ్ ప్రాబ్లమ్ మా ఫ్రెండ్‌కి కూడా వచ్చింది బ్రో. ఆన్‌లైన్‌లో సోలినాయిడ్ తెప్పించి మార్చెయ్, సగం రేటుకే అయిపోతుంది.

ఆటోనగర్_అన్న · ఆదివారం రాత్రి 10:11

తమ్ముడూ, ఎవరి మాటా వినకు, నాది కూడా. ముందు బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చూపించే డిప్‌స్టిక్ చూశావా?

భీమవరం_బండి · ఆదివారం రాత్రి 10:15

చూడలేదు అన్నా. సర్వీస్ చేయించి ఏడు నెలలైంది. పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూసి చెప్తా.

హెడ్‌గాస్కెట్ · ఆదివారం రాత్రి 11:30

కరెంటుకి రాకర్ ఆర్మ్‌తో నేరుగా పని లేదు. మీ అనుమానం న్యాయమైనదే. కాస్త పెద్ద పోస్ట్ రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రాకర్ ఆర్మ్ అంటే ఏతం. మా తాతగారి దొడ్లో బావి మీద ఉండేది. మధ్యలో ఇరుసు, ఒక కొస దిగితే రెండో కొస లేస్తుంది. ఇంజిన్‌లో ఒక కొసని క్యామ్ షాఫ్ట్ మీదున్న గుబ్బ పైకి నెడుతుంది, రెండో కొస వాల్వ్ తల మీద నొక్కుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. మళ్లీ మూసేది స్ప్రింగు. క్యామ్ షాఫ్ట్ క్రాంక్‌లో (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు, మీటర్ చూపించేది దాని వేగమే) సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి, మీటర్‌లో 6,000 కనిపిస్తున్నప్పుడు ఒక్కో వాల్వ్ సెకనుకి 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది.

చిక్కంతా గుబ్బ దగ్గరే. మెల్లగా తిరిగే ఇంజిన్‌కి వాల్వ్ కొంచెంగా, కొద్దిసేపు తెరుచుకుంటే చాలు. వేగంగా తిరిగేటప్పుడు గాలి లోపలికి రావడానికి టైమే ఉండదు, కాబట్టి ఎక్కువ ఎత్తు, ఎక్కువసేపు తెరవాలి. గుబ్బ ఒక్కటే అయితే రెంటికీ మధ్యలో ఏదో రాజీ పడాలి. హోండా 1989లో ఇంటెగ్రాలో పెట్టిన బి16ఏ ఇంజిన్‌లో రాజీ పడకుండా రెండు రకాల గుబ్బలూ పెట్టేసింది. దాని పేరే వీటెక్. 1.6 లీటర్లకి 160 హార్స్‌పవర్, టర్బో లేకుండా. అప్పట్లో అది చిన్న విషయం కాదు.

రెండు వాల్వ్‌లకి మూడు గుబ్బలు, మూడు రాకర్ ఆర్ములు. పక్కనున్న రెండు ఆర్ములూ చిన్న గుబ్బల మీద నడుస్తూ వాల్వ్‌లని తెరుస్తాయి. మధ్య ఆర్మ్ పెద్ద గుబ్బ మీద ఊగుతూనే ఉంటుంది కానీ దాని కింద వాల్వ్ లేదు. పనిలేని ఊగుడు. అది గుబ్బని వదలకుండా ఒక స్ప్రింగు ఆనించి ఉంచుతుంది. ఈ మూడింటికీ అడ్డంగా ఒకే వరసలో రంధ్రాలు, వాటిలో చిన్న స్టీలు పిన్నులు ఉంటాయి. ఆయిల్ ప్రెషర్ వచ్చి పిన్నుల్ని నెడితే తలుపుకి గడియ పడ్డట్టు మూడు ఆర్ములూ ఒక్కటైపోతాయి. అప్పట్నుంచి మధ్యవాడు ఎంత ఊగితే మిగతా ఇద్దరూ అంతే ఊగాలి. ప్రెషర్ తీసేస్తే స్ప్రింగు పిన్నుల్ని వెనక్కి తోస్తుంది, గడియ తీసినట్టే.

గడియ ఎప్పుడు పడితే అప్పుడు పడదు. రంధ్రాలు ఎదురెదురుగా రావాలి, అంటే మూడు ఆర్ములూ గుబ్బ లేని గుండ్రటి భాగం మీద ఆనుకుని ఉండాలి. 6,000 దగ్గర క్యామ్ ఒక చుట్టు తిరగడానికి పట్టేది 20 మిల్లీసెకండ్లు. అందులో కొంత భాగంలోనే పిన్ను దూరిపోవాలి. ప్రెషర్ నీరసంగా ఉంటే దూరదు.

ఇక సోలినాయిడ్. ఇంజిన్ హెడ్ పక్కన బిగించిన చిన్న అల్యూమినియం దిమ్మ మీద ఉంటుంది. లోపల రాగి తీగ చుట్ట, మధ్యలో కదిలే చిన్న కడ్డీ. కంప్యూటర్ 12 వోల్టులు పంపితే కడ్డీ కదిలి సన్నటి ఆయిల్ దారి తెరుచుకుంటుంది. ఆ ఆయిల్ స్పూల్ వాల్వ్ అనే ఇంకో కవాటాన్ని నెడుతుంది. అది కదిలాక అసలు ఆయిల్ రాకర్ షాఫ్ట్ లోపలి రంధ్రం గుండా పిన్నుల దాకా పోతుంది. చుట్ట రెసిస్టెన్స్ 20 ఓమ్స్ అనుకుంటే 0.6 ఆంపియర్లు, అంటే 7 వాట్లు. పాత జీరో బల్బుకి పట్టే వాట్లు కూడా కావు. ఆ బలంతో వాల్వ్ స్ప్రింగుని ఎవరు కదిలిస్తారు?

కాలవ లాకుల దగ్గర లస్కర్ ఉంటాడు కదా. గేటు ఎత్తడం వరకే ఆయన పని, పొలం తడిపేది నీళ్లు. కాలవలో నీళ్లే లేకపోతే లస్కర్‌ని మారిస్తే పొలం తడుస్తుందా? అందుకే ఆటోనగర్ అన్న ముందు డిప్‌స్టిక్ అడిగారు.

నల్లగొండ_నట్టు · సోమవారం ఉదయం 6:50

మా దిక్కు నీరటి అంటం సార్. సంగతి మాత్రం మంచిగ సమజైంది.

ఆటోనగర్_అన్న · సోమవారం ఉదయం 7:20

హెడ్‌గాస్కెట్ గారు మొత్తం చెప్పేశారు, నాకు మిగిల్చింది కోడ్ ఒక్కటే.

తమ్ముడూ, ఈ కుటుంబంలో నాలుగు కోడ్‌లు ఉన్నాయి. 2648, 2649 వస్తే కరెంటు సంగతి: చుట్ట తెగిందో, వైరు ఎక్కడో తగిలిందో, కప్లర్ ఊడిందో. అవి వస్తే సోలినాయిడ్‌ని అనుమానించడంలో అర్థం ఉంది. నీకు వచ్చింది 2646. "గేటు ఎత్తమన్నాను, కానీ ప్రెషర్ వచ్చినట్టు కబురు రాలేదు" అని కంప్యూటర్ గోల. ఆ కబురు చెప్పేది సోలినాయిడ్ దిమ్మ దగ్గరే ఉండే ఆయిల్ ప్రెషర్ స్విచ్. 2647 దీనికి తిరగబడ్డది, గేటు దించమన్నా ప్రెషర్ పోవడం లేదని.

కబురు రాలేదంటే నాలుగు కారణాలు చూస్తాను నేను. ఆయిల్ తక్కువ. ఆయిల్ దారిలో ఉండే జల్లెడ మూసుకుపోవడం. స్విచ్ చచ్చిపోవడం. స్పూల్ ఇరుక్కోవడం. ఈ వరసలోనే చూస్తాను, ఎందుకంటే మొదటిది చూడ్డానికి పాత గుడ్డ ముక్క చాలు. నీ బండి సగంలో ఆగిపోవడం కూడా కంప్యూటర్ పనే. గడియ పడకుండా పై ఆర్‌పీఎంకి పోవద్దని కట్టేసింది.

భీమవరం_బండి · సోమవారం ఉదయం 8:05

డిప్‌స్టిక్ చూశా అన్నా. సిగ్గుగా ఉంది. కింది గీత దగ్గర కూడా లేదు, కొసన నల్లటి బొట్టు అంటుకుంది అంతే.

ఆటోనగర్_అన్న · సోమవారం ఉదయం 8:09

బండి కదిలించకు. ఆయిల్ తెచ్చి పోసుకుని అప్పుడు స్టార్ట్ చెయ్యి. అదృష్టవంతుడివి, ఇంజిన్ పట్టేయకుండా లైటుతో సరిపెట్టింది.

పికప్_పిచ్చోడు · సోమవారం ఉదయం 9:30

అయితే 20డబ్ల్యూ50 పోసెయ్ బ్రో. చిక్కటి ఆయిల్ అయితే ప్రెషర్ ఎక్కువ వస్తుంది, కారిపోదు కూడా. మా మెకానిక్ పాత బండ్లన్నిటికీ అదే పోస్తాడు.

హెడ్‌గాస్కెట్ · సోమవారం ఉదయం 10:02

దయచేసి వద్దు. మీటర్ పెట్టి పంపు దగ్గర చూస్తే ప్రెషర్ ఎక్కువే కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఈ పిన్నుల దాకా పోయే దారులు సన్నవి. చిక్కటి ఆయిల్ పొద్దున్నే వాటిలోంచి పోవడానికి ఆపసోపాలు పడుతుంది, పిన్ను పడాల్సిన టైముకి పడదు. కంప్యూటర్ లెక్కలు కూడా బండి పుస్తకంలో రాసిన గ్రేడ్‌ని బట్టే ఉంటాయి. బెల్లం పాకంతో తలుపు గడియకి నూనె పెట్టిన చందం అవుతుంది.

పికప్_పిచ్చోడు · సోమవారం ఉదయం 10:20

పాకం అంటే పాకమే గుర్తొస్తోంది సార్, ఇంకా టిఫిన్ కాలేదు. సరే, ఒప్పుకున్నా.

ఆర్15_రాజు · సోమవారం మధ్యాహ్నం 1:15

మధ్యలో వస్తున్నందుకు సారీ. నా ఆర్15 వీ3 బైక్‌లో 7,400 దాటగానే మీటర్ మీద వీవీఏ అని వెలుగుతుంది. అందులో కూడా ఆయిలే పిన్ను నెడుతుందా?

హెడ్‌గాస్కెట్ · సోమవారం మధ్యాహ్నం 2:40

కరెంటుకి రాకర్ ఆర్మ్‌తో నేరుగా పని లేదన్న నా మొదటి వాక్యానికి మీ బైకే ఎదురు సాక్ష్యం. యమహా వీవీఏలో ఆయిల్ మధ్యవర్తిత్వం లేదు. సోలినాయిడ్ కడ్డీయే పిన్నుని నెట్టి, ఇన్‌టేక్ (గాలి లోపలికొచ్చే) వైపు ఉన్న తక్కువ ఎత్తు ఆర్మ్‌నీ ఎక్కువ ఎత్తు ఆర్మ్‌నీ కలిపేస్తుంది. 155 సీసీ, ఒకటే సిలిండర్, నెట్టాల్సింది ఒకటే పిన్ను. దానికి ఆ బలం సరిపోతుంది. అక్కడ కూడా వాల్వ్‌ని తెరిచేది క్యామే, సోలినాయిడ్ గడియ వేయడం వరకే. నాలుగు సిలిండర్ల కారులో సిలిండర్‌కో సోలినాయిడ్, దానికో వైరు అంటే ఖర్చు, తలనొప్పి. ఒక్క సోలినాయిడ్ పెట్టి ఆయిల్‌తో నాలుగు చోట్లకీ కబురు పంపడం చవక.

డెట్రాయిట్_తెలుగోడు · సోమవారం రాత్రి 8:10

సిలిండర్‌కో సోలినాయిడ్ అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. ఆ పని ఇక్కడ చేసి చేతులు కాల్చుకున్నారు. 1981 క్యాడిలాక్ వీ8-6-4. ఆరు లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్. హైవే మీద నిదానంగా పోయేటప్పుడు రెండు సిలిండర్లు, ఇంకా నిదానమైతే నాలుగు సిలిండర్లు నిద్రపోయేవి. పాత కార్ల ప్రదర్శనలో ఒకాయన వాల్వ్ కవర్ తీసి చూపించాడు. అందులో సోలినాయిడ్‌లు అచ్చంగా రాకర్ ఆర్ముల నెత్తినే కూర్చుని ఉన్నాయి.

అది పనిచేసే తీరు ముచ్చటగా ఉంటుంది. సోలినాయిడ్ రాకర్ ఆర్మ్ మధ్యలోని ఇరుసుకి ఉన్న పట్టు వదిలేస్తుంది. ఇరుసు కదిలిపోతే ఏతం ఏం ఎత్తుతుంది? ఆర్మ్ వాల్వ్ కొస మీద ఆనుకుని మధ్యభాగం పైకీ కిందికీ ఆడుతుంది కానీ వాల్వ్ కదలదు. లోపలికొచ్చే వాల్వూ బయటికి పంపేదీ రెండూ మూసే ఉంటాయి, లోపల చిక్కుకున్న గాలి స్ప్రింగులా నొక్కుకుని వదులుతూ ఉంటుంది. ఎన్ని సిలిండర్లు పనిచేస్తున్నాయో డాష్‌బోర్డ్ మీద అంకె కనిపించేది.

ఇనుము బాగానే ఉంది, బుర్ర చాల్లేదు. 1981 నాటి కంప్యూటర్ అంత త్వరగా నిర్ణయాలు తీసుకోలేకపోయింది. బండి కుదుపులిస్తుంటే చాలామంది ఓనర్లు ఆ సిస్టమ్ వైరు పీకించేసి మామూలు వీ8లా నడుపుకున్నారు. మరుసటి ఏడాదికే మామూలు మోడల్స్‌లోంచి తీసేశారు, లిమోజిన్లలో మాత్రం 1984 దాకా ఉంది. ఇప్పటి అమెరికన్ వీ8ల్లో సిలిండర్లు ఆపే పని మళ్లీ ఆయిల్, సోలినాయిడ్ జోడీకే వచ్చింది, కాకపోతే గడియ రాకర్ ఆర్మ్‌లో కాకుండా, క్యామ్ గుబ్బ మీద ఆనుకుని ఉండే లిఫ్టర్‌లో ఉంటుంది.

సివిక్_మావయ్య · మంగళవారం ఉదయం 7:00

వీటెక్ అంటే గట్టిగా తొక్కినప్పుడే అని అందరూ అనుకుంటున్నట్టున్నారు. 2006లో మన దగ్గరకొచ్చిన సివిక్ 1.8 (ఆర్18 ఇంజిన్) సంగతి దానికి రివర్స్. అందులో నిదానంగా, ఒకే స్పీడులో పోతున్నప్పుడు వేరే గుబ్బ పనిచేసి ఒక ఇన్‌టేక్ వాల్వ్‌ని ఆలస్యంగా మూస్తుంది. లోపలికొచ్చిన గాలిలో కొంత వెనక్కి పోతుంది, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే రెక్క) ఎక్కువ తెరిచి ఉంచొచ్చు, ఇంజిన్ గాలి పీల్చడానికి పడే పాట్లు తగ్గుతాయి. మైలేజీ కోసం పెట్టిన గడియ అది. తొక్కితే మామూలు గుబ్బకి వచ్చేస్తుంది. నేను పదేళ్లు నడిపినా ఎప్పుడు మారుతుందో ఒక్కసారీ తెలియలేదు.

కొత్త_స్టీరింగ్ · మంగళవారం ఉదయం 11:45

మా హ్యాచ్‌బ్యాక్‌కి వీవీటీ సోలినాయిడ్ అన్నారు. అదీ ఇదీ ఒకటేనా అండీ?

ఆటోనగర్_అన్న · మంగళవారం మధ్యాహ్నం 12:10

కాదమ్మా. అది కూడా ఆయిల్ గేటే, కానీ ఆ ఆయిల్ వెళ్లేది క్యామ్ షాఫ్ట్ కొసనున్న పళ్ల చక్రంలోకి. వాల్వ్ ఎప్పుడు తెరుచుకోవాలో ముందుకీ వెనక్కీ జరుపుతుంది. ఎంత ఎత్తు అన్నది మారదు. షాపులో "సోలినాయిడ్ ఇవ్వండి" అని ఊరుకుంటే ఏదో ఒకటి చేతిలో పెడతాడు, జాగ్రత్త.

భీమవరం_బండి · బుధవారం రాత్రి 9:15

అప్‌డేట్. పుస్తకంలో రాసిన గ్రేడ్ ఆయిల్ లీటరుంపావు పోస్తే గానీ పై గీతకి రాలేదు. కోడ్ చెరిపించాను. రెండు రోజులు బాగుంది, సంబరపడి ఇక్కడ థ్యాంక్స్ రాద్దామనుకున్నాను. ఇవాళ సాయంత్రం పాలకొల్లు రోడ్డులో మళ్లీ లైటు. మళ్లీ 2646.

మల్టీమీటర్ అరువు తెచ్చి సోలినాయిడ్ చూశాను. 17 ఓమ్స్ చూపించింది. కప్లర్ తీసి బ్యాటరీ నుంచి వైరు తాకిస్తే "టిక్" అని స్పష్టంగా కొట్టింది. నాలుగుసార్లు తాకించా, నాలుగుసార్లూ కొట్టింది.

హెడ్‌గాస్కెట్ · బుధవారం రాత్రి 9:50

ఇలాంటి సోలినాయిడ్‌లకి చాలావాటికి 14 నుంచి 30 ఓమ్స్ మధ్య ఉంటే సరే. టిక్ కూడా కొట్టింది. లస్కర్ డ్యూటీలోనే ఉన్నాడు. ఆటోనగర్ అన్న లిస్టులో రెండోది చూడండి. దిమ్మకీ హెడ్‌కీ మధ్య గ్యాస్కెట్ ఉంటుంది, దానిలోనే బొటనవేలి గోరంత జల్లెడ.

ఆటోనగర్_అన్న · బుధవారం రాత్రి 10:05

పది నంబర్ స్పానర్ చాలు. విప్పే ముందు చుట్టూ ఉన్న మట్టి బ్రేక్ క్లీనర్‌తో కడుగు, ఒక్క ఇసుక రేణువు లోపల పడ్డా స్పూల్ ఇరుక్కుంటుంది. కింద గుడ్డ పెట్టు, ఆయిల్ కారుతుంది. కొత్త గ్యాస్కెట్ చేతిలో లేకుండా విప్పకు. బిగించేటప్పుడు 12 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ లేకపోతే మణికట్టు బలంతో బిగించు, భుజం బలం వద్దు. హెడ్ అల్యూమినియం, మర పోయిందంటే 14,000 కాదు, ఇంకా చాలా అవుతుంది.

భీమవరం_బండి · శనివారం సాయంత్రం 6:30

దొరికింది.

గ్యాస్కెట్ తేవడానికే రెండు రోజులు పట్టింది, 350 రూపాయలు. దిమ్మ విప్పి తిప్పి చూస్తే జల్లెడ సగం కనిపించడం లేదు. ఎర్రటి సీలెంట్, ఎండిపోయి రబ్బరులా, జల్లెడ మీద పరుచుకుని ఉంది. గోటితో గీకితే తోలు ఊడొచ్చినట్టు పొరగా ఊడొచ్చింది. మిగతా సగంలో నల్లటి మడ్డి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే మూడు నాలుగు కన్నాల్లోంచే లైటు కనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడాది ఇంజిన్ పక్కన ఆయిల్ చెమ్మ కనిపిస్తోందని ఊళ్లో ఒక షెడ్డులో చూపించాను. "గ్యాస్కెట్ దొరకడం లేట్ అవుతుంది, సీలెంట్ పూసి ఇస్తా" అన్నాడు. నేనే సరేనన్నాను. పూసింది ఇక్కడేనన్నమాట. బిగించినప్పుడు పక్కలకి రావాల్సింది లోపలికి కూడా పోయి జల్లెడ మీద కూర్చుంది. పైగా చెమ్మ ఆగలేదు. దిమ్మ కింద ఇంజిన్ గోడంతా ఆయిల్ చార, దానికి దుమ్ము అట్టకట్టి ఉంది. లీటరుంపావు ఎటు పోయిందో ఇప్పుడు తెలిసింది.

స్పూల్‌ని వేలితో నొక్కి వదిలాను, స్ప్రింగు మీద సాఫీగా వెనక్కొచ్చింది. దిమ్మ కడిగి, కొత్త గ్యాస్కెట్ పెట్టి, సీలెంట్ చుక్క లేకుండా బిగించాను. ఆయిల్, ఫిల్టర్ కూడా మార్చేశాను.

పికప్_పిచ్చోడు · శనివారం సాయంత్రం 6:41

అసలు సంగతి చెప్పు బ్రో, పికప్ వచ్చిందా లేదా?

భీమవరం_బండి · శనివారం రాత్రి 8:55

ఇప్పుడే తాడేపల్లిగూడెం బైపాస్ దాకా వెళ్లొచ్చాను. థర్డ్‌లో పూర్తిగా తొక్కాను. ముల్లు మొన్న ఆగిన చోటు దాటి ఐదు వేలు దాటింది, లైటు పడలేదు. ఈసారి కిటికీ దించి విన్నాను. ఒకచోట ఇంజిన్ గొంతు మారుతుంది, గొంతు సవరించుకుని పై స్థాయికి ఎత్తుకున్నట్టు. పదేళ్లుగా నడుపుతున్నాను, అది గడియ పడే చోటని ఇవాళే తెలిసింది. మా ఆవిడ పక్క సీట్లోంచి "లారీ కూడా లేదు, ఎవర్ని ఓవర్‌టేక్ చేస్తున్నారు?" అంది.

నల్లగొండ_నట్టు · శనివారం రాత్రి 9:10

వదినమ్మ అడిగింది కరెక్టే.

ఆటోనగర్_అన్న · శనివారం రాత్రి 9:25

సంతోషం తమ్ముడూ. దిమ్మ కింద తెల్ల కాగితం కట్టి వారం తిప్పు, చెమ్మ ఉందో లేదో తెలుస్తుంది. వచ్చే ఆదివారం డిప్‌స్టిక్ ఫోటో ఇక్కడ పెట్టు.

భీమవరం_బండి · శనివారం రాత్రి 9:31

పెడతా అన్నా. పాత గుడ్డ ఒకటి డిక్కీలోనే పెట్టేశాను.